అట్టపెట్టె ఒకరిది.. లేబుల్ ఇంకొకరిది!

మా ఫ్లాట్‌లో తలుపు పక్కన ఓ చిన్న అల్మరా ఉంది. చలికోట్లు తగిలించుకోవడానికి కట్టారు. టెక్సస్‌లో చలి ఎన్నాళ్లుంటుంది గనక! అందుకే మేం ముగ్గురు రూమ్మేట్లం దాన్ని అట్టపెట్టెల గోదాం చేసేశాం. అమెజాన్‌వి, కొరియర్ కంపెనీలవి, పోస్టాఫీసులో ఊరికే ఇచ్చేవి.. ఏ పెట్టె వచ్చినా టేపు జాగ్రత్తగా కోసి, మడతపెట్టి అందులో దోపేయడమే. హార్లిక్స్ సీసాల్లో పప్పులు పోసుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా, గట్టి అట్టపెట్టెను చెత్తలో వేయాలంటే చేతులు రావు.

ఆ అలవాటే మా అక్క సీమంతం దగ్గర నన్ను పదకొండు రోజులు నిద్రపోనివ్వలేదు.

అక్క ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటుంది. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మధ్యలో వెయ్యి మైళ్ల పైమాటే. సీమంతానికి అమ్మానాన్న రాలేకపోయారు, వీసా సమయానికి అందలేదు. రాలేనన్న బాధ అమ్మకు ఎంతుందో ఆవిడ పంపిన మూట చూస్తే తెలిసింది. తెనాలి నుంచి మా ఫ్రెండ్ వాళ్ల పేరెంట్స్ సూట్‌కేసులో నా దగ్గరికి చేరిందది. లోపల రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు, పసుపు కుంకుమ పొట్లాలు, ఓ పాత కంచిపట్టు చీర. అక్క కడుపులో ఉన్నప్పుడు అమ్మ సీమంతానికి కట్టుకున్న చీర అది. ఇప్పుడు అక్క సీమంతానికి అక్క అదే కట్టుకోవాలని అమ్మ కోరిక. 'నేను రాకపోయినా నా చీర వస్తుంది' అని ఫోన్లో నాలుగుసార్లు అంది.

నేను చేయాల్సిందల్లా దాన్ని కొలంబస్‌కు పోస్ట్ చేయడం. అంతే. ఇంజినీరింగ్ చదివినవాడికి ఇదో పనా?

సీమంతం ఆదివారం. ముందు సోమవారం పొద్దున్నే అల్మరా తెరిచా. కొలిచి చేసినట్టు సరిపోయే పెట్టె ఒకటి దొరికింది. మా ఆఫీసు నుంచి కంప్యూటర్ సామాను ఏదో పంపినప్పుడు వచ్చింది. ఓ ప్రైవేటు కొరియర్ కంపెనీ ఎక్స్‌ప్రెస్ పెట్టె. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు కాబట్టి. పాత లేబుల్ పీకేశా. నాలుగు వైపులా అరచేయంత లోగోలున్నాయి, వాటి సంగతి ఆలోచించనే లేదు. అమెరికా తపాలా శాఖ యూఎస్‌పీఎస్ వెబ్‌సైట్లో గ్రౌండ్ అడ్వాంటేజ్ లేబుల్ కొన్నా. ప్రైవేటు ఎక్స్‌ప్రెస్‌తో పోలిస్తే చాలా చవక, రెండు నుంచి ఐదు రోజుల్లో చేరుతుంది. ఆ లేబుల్ అంటించి, మా అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో బయటికెళ్లే పార్సిళ్ల బల్ల మీద పెట్టి, నా దారిన నేను పనికి వెళ్లిపోయా.

బుధవారం ట్రాకింగ్ చూస్తే లేబుల్ తయారైంది, వస్తువు ఇంకా మాకు అందలేదు అని ఉంది. స్కాన్ చేయడం మర్చిపోయి ఉంటారులే అనుకున్నా. గురువారం అదే మాట. శుక్రవారం కూడా అదే ఉండేసరికి కడుపులో తిప్పింది. లీజింగ్ ఆఫీసుకు పరిగెత్తా.

"ఆ లోగోలున్న పెట్టేనా? సోమవారం మధ్యాహ్నమే వాళ్ల డ్రైవర్ వచ్చి రిటర్న్ పార్సిళ్లతో పాటు పట్టుకెళ్లాడు కదా" అందక్కడి అమ్మాయి, చాలా మామూలుగా.

వాళ్ల డ్రైవర్! నేను పంపింది పోస్టులో, పట్టుకెళ్లింది ప్రైవేటు కొరియర్.

ఆ కొరియర్ కంపెనీకి ఫోన్ చేస్తే ట్రాకింగ్ నంబర్ అడిగారు. నా దగ్గరున్నది పోస్టాఫీసు నంబర్. వాళ్ల సిస్టమ్‌లో అలాంటి నంబరే లేదు. పోస్టాఫీసుకు వెళ్తే, పార్సిల్ మా చేతికే రాలేదు, రాని దాన్ని ఎక్కడ వెతకమంటారు అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఈ కథ బాగా పరిచయం. ఒక టికెట్ రెండు టీముల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే, బగ్ మాది కాదు అని. ఇక్కడ బగ్ ఎవరిదో నాకు తెలుసు. కోడ్ రాసింది నేనే.

పెట్టె కూడా మాట్లాడుతుంది

మనం పార్సిల్ అంటే అడ్రస్ అనుకుంటాం. పెట్టె ఎలాంటిదైనా పైన పేరు, ఊరు ఉంటే చాలని. మా ఊళ్లో అది నిజం. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ ఆవకాయ, సున్నుండలు ఆర్టీసీ పార్సిల్లో పంపేది. కిరాణా కొట్లో అడిగి తెచ్చిన సబ్బుల డబ్బా అట్టపెట్టె, దానికి తాడు, పైన నల్ల మార్కర్‌తో నా పేరు, ఫోన్ నంబర్. కౌంటర్లో ఉన్న మనిషి పేరు చదివి ఇచ్చేవాడు. పెట్టె మీద ఏ సబ్బు బొమ్మ ఉందో ఎవరికీ పట్టదు.

ఇక్కడ అలా కాదు. డ్రైవర్ రోజుకు ఎన్నో చోట్ల ఆగాలి. బల్ల మీద పది పెట్టెలుంటే ఒక్కో లేబుల్ చదవడు. రంగు, లోగో చూస్తాడు, తన కంపెనీవి ఎత్తుకుంటాడు. ఆ పెట్టెల మీద అంత పెద్ద లోగోలు వేయడం ప్రచారం కోసమే కాదు, దూరం నుంచే గుర్తుపట్టడానికి కూడా. అంటే నా పార్సిల్ రెండు మాటలు చెప్పింది. లేబుల్ ఒకటి చెప్పింది, పెట్టె ఇంకోటి చెప్పింది. మనిషి పెట్టె మాట విన్నాడు.

తర్వాతది యంత్రం వంతు. పెద్ద కొరియర్ హబ్బుల్లో పార్సిళ్లు బెల్టు మీద పోతుంటే, సొరంగం లాంటి ఏర్పాటులో చుట్టూ ఉన్న కెమెరాలు బార్‌కోడ్ వెతికి చదువుతాయి. దాన్ని బట్టి ఏ బెల్టు మీదికి తోయాలో సిస్టమ్ చెబుతుంది. నా పెట్టె మీద బార్‌కోడ్ ఉంది, చదవగలిగేదే. కానీ ఆ నంబర్ వాళ్లది కాదు. యూఎస్‌పీఎస్ ట్రాకింగ్ నంబర్ సాధారణంగా 9తో మొదలై 22 అంకెలుంటుంది. యూపీఎస్‌ది 1జెడ్‌తో మొదలై 18 అక్షరాలు. మన కంటికి అన్నీ నల్లగీతలే, డేటాబేస్‌కు మాత్రం ఒకటి తెలిసిన మనిషి, ఇంకోటి దారి తప్పినవాడు. అలాంటి పార్సిళ్లను పక్కకు తోసేస్తారు. ఆ పక్కన ఎన్నాళ్లుంటాయో దేవుడికే తెలియాలి.

శనివారం రాత్రి అక్కకు ఫోన్ చేసి చెప్పేశా. రెండు క్షణాలు మాట్లాడలేదు. తర్వాత, "సర్లేరా, అమ్మకు మాత్రం చెప్పకు" అంది.

ఆదివారం వీడియో కాల్లో సీమంతం చూశాం. నేను ఇర్వింగ్‌లో, అమ్మానాన్న తెనాలిలో అర్ధరాత్రి దాటాక మేలుకుని. అక్క స్నేహితులు ఇండియన్ స్టోర్లో గాజులు కొనుక్కొచ్చి తొడిగారు. అక్క గులాబీ రంగు చీరలో ఉంది. అమ్మ ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఏమే, నా చీర ఏదీ?" అంది.

"బ్లౌజు కుదరలేదమ్మా, బిగుతైపోయింది" అంది అక్క, ఏమాత్రం తడుముకోకుండా.

నేను మ్యూట్‌లో ఉన్నా. మ్యూట్ తీయలేదు.

ఊరికే ఇచ్చే పెట్టె ఊరికే కాదు

ఆ రాత్రి నిద్ర పట్టక రూల్స్ చదవడం మొదలెట్టా. చదివేకొద్దీ తెలిసిందేంటంటే, నేను చేసిన పని చిన్నదే. మా అల్మరాలో ఉన్నది అసలు సిసలు సరుకు.

అమెరికాలో ఉన్న మనవాళ్లందరికీ తెలిసిన పెట్టె ఒకటుంది. తెలుపు, ఎరుపు, నీలం రంగుల్లో ప్రయారిటీ మెయిల్ పెట్టె. పోస్టాఫీసులో అరల్లో పెట్టి ఉంటాయి, వెబ్‌సైట్లో ఆర్డర్ చేస్తే ఇంటికే ఉచితంగా పంపుతారు. 2004లో ఫ్లాట్ రేట్ పెట్టెలు మొదలయ్యాక వీటికి గిరాకీ పెరిగింది. ఫ్లాట్ రేట్ అంటే, పెట్టెలో పట్టినంత పెట్టుకో, దేశం లోపల 70 పౌండ్ల దాకా ఒకటే ధర. 70 పౌండ్లంటే దాదాపు 32 కిలోలు. పక్క ఊరికైనా, వెయ్యి మైళ్ల అవతలికైనా అంతే. పచ్చడి సీసాలు, బియ్యప్పిండి, రోకలి లాంటి బరువైన సామాను పంపేవాళ్లకు వరం. ఇండియాకు పంపే మీడియం, లార్జ్ పెట్టెలకు మాత్రం 20 పౌండ్లే పరిమితి.

అయితే ఆ పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. మనలో ఎంతమంది చదివామో! ఇది తపాలా శాఖ ఆస్తి, ప్రయారిటీ మెయిల్ పంపడానికి మాత్రమే ఇచ్చాం, దుర్వినియోగం చేస్తే ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించినట్టు కావచ్చు, దీన్ని అమ్మకూడదు అని. ఉచితం అన్నది నిజమే కానీ, ఆ అట్ట ఖర్చు ప్రయారిటీ మెయిల్ చార్జీలోనే కలిసి ఉంది. ఆ చార్జీ కట్టకుండా పెట్టె మాత్రం వాడుకున్నామంటే, టిఫిన్ తినకుండా హోటల్లో ప్లేటు పట్టుకొచ్చినట్టే.

మనవాళ్ల తెలివితేటలు ఇక్కడే మొదలవుతాయి. పెట్టెను విప్పి లోపలి వైపు బయటికి తిప్పి అతికిస్తే మామూలు అట్టపెట్టెలా కనిపిస్తుంది. దానికి చవక లేబుల్ అంటించి పంపేయడం. నా రూమ్మేట్ ఒకడు ఇందులో పీహెచ్‌డీ. ఇంకో పద్ధతి, పైన గోధుమరంగు కాగితం చుట్టేయడం. తపాలా శాఖ ఈ రెండూ ఎప్పుడో చూసేసింది. వాళ్ల మెయిలింగ్ మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. ప్రయారిటీ పెట్టెను ఎలా మార్చినా, గుర్తులు ఎలా చెరిపేసినా, అందులో పంపిన దానికి ప్రయారిటీ చార్జీనే పడుతుంది. తేడా డబ్బు పంపినవాడైనా కట్టాలి, అందుకునేవాడైనా కట్టాలి. సారె పంపి, అది అందుకున్న అక్క చేతే చార్జీ కట్టించడం ఎంత బాగుంటుందో మీరే ఆలోచించండి. పెట్టెను మళ్లీ వాడుకోవడం తప్పు కాదండోయ్. ఒకసారి వచ్చిన ప్రయారిటీ పెట్టె గట్టిగా ఉంటే, అదే ప్రయారిటీ మెయిల్లో తిరిగి పంపొచ్చు.

ఇక ఆ పెట్టెలో పెట్టి ప్రైవేటు కొరియర్‌కు ఇవ్వడం, ఇల్లు మారేటప్పుడు పుస్తకాలు సర్దడానికి ఓ యాభై ఆర్డర్ చేసుకోవడం లాంటివి దుర్వినియోగమే. తపాలా శాఖ ఆస్తిని దాని పనికి కాకుండా ఇంకోదానికి వాడుకోవడం గురించి అమెరికా చట్టాల టైటిల్ 18లో సెక్షన్ 1707 ఉంది. విలువ వెయ్యి డాలర్లు మించకపోతే జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ. ఒక్క అట్టపెట్టెకు ఎవరో వచ్చి బేడీలు వేస్తారని కాదు. కానీ వీసా మీద ఉంటూ, ఓ ఉచిత అట్ట కోసం అలాంటి సెక్షన్ పేరు వినిపించేంత దూరం పోవడం ఎందుకు చెప్పండి?

ఫెడెక్స్, యూపీఎస్ ఉచితంగా ఇచ్చే ఎక్స్‌ప్రెస్ కవర్లు, పెట్టెల సంగతీ ఇంతే. అవి వాళ్ల ఎక్స్‌ప్రెస్ సర్వీసుల కోసం ఇచ్చేవి, వేరే కంపెనీలో పంపుకోమని కాదు. అదే మీరు డబ్బు పెట్టి కొన్న పెట్టె మీది. అమెజాన్ నుంచి సరుకుతో వచ్చిన పెట్టె కూడా మీదే. పాత లేబుల్ తీసేసి వాడుకోవచ్చు.

ఈ తెలివితేటలు మన ఒక్కళ్లవే అనుకోకండి. అమెరికాలో పార్సిల్ పోస్ట్ 1913 జనవరి 1న మొదలైంది. మూడేళ్లకే, 1916లో, యూటా రాష్ట్రంలోని వెర్నల్ అనే మారుమూల ఊళ్లో కోల్‌థార్ప్ అనే వ్యాపారి బ్యాంకు భవనం కట్టాలనుకున్నాడు. సాల్ట్ లేక్ సిటీ నుంచి ఇటుకలు తెప్పించాలి. సరుకు రవాణా కంటే పోస్టే చవకని లెక్కేశాడు. 80 వేల దాకా ఇటుకల్ని 50 పౌండ్ల పెట్టెలుగా కట్టించి, టన్నుల లెక్కన పోస్టులో తెప్పించేశాడు! దెబ్బకు తపాలా శాఖ రూలు మార్చింది. ఒకరి నుంచి ఒకరికి రోజుకు 200 పౌండ్లే అంది. భవనాలను పోస్టులో పంపడం మా ఉద్దేశం కాదని కూడా తేల్చింది. ఆ బ్యాంకు భవనం మాత్రం లేచి నిలబడింది. కాబట్టి పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఏదైనా రాసి ఉందంటే, దాని వెనక ఓ కోల్‌థార్ప్ ఉంటాడని నా అనుమానం.

పాత గీతలు చావవు

పాత లేబుల్ మీద మార్కర్‌తో ఓ అడ్డగీత గీసేస్తే చాలనుకునేవాణ్ని. ఇంజినీర్‌గా ఇది నాకు సిగ్గుచేటు, ఎందుకో చెబుతా. మామూలు బార్‌కోడ్‌లో సమాచారమంతా గీతల మందంలో, వాటి మధ్య ఖాళీల్లో ఉంటుంది. గీత పొడవులో కొత్త సమాచారం ఏమీ లేదు. అదే మాట కింది నుంచి పై దాకా మళ్లీ మళ్లీ రాసినట్టు. మీరు మధ్యలో అడ్డంగా ఒక పట్టీ నలుపు చేస్తే, దాని పైనా కిందా మిగిలిన భాగాన్ని స్కానర్ హాయిగా చదివేసుకుంటుంది. యూపీఎస్ 1992లో తెచ్చిన మ్యాక్సీకోడ్ ఇంకా మొండిది. లేబుల్ మీద మధ్యలో వలయాలు, చుట్టూ తేనెపట్టులా చుక్కలుంటాయి చూడండి, అదే. కొంత భాగం చెరిగిపోయినా మిగతాదాన్ని బట్టి లెక్కకట్టి పూర్తి చేసుకునే ఏర్పాటు అందులోనే ఉంది. పార్సిల్ నలిగినా తడిసినా దారి తప్పకూడదని చేసిన ఏర్పాటు, పాత పెట్టెను మనం మళ్లీ వాడినప్పుడు మనకే ఎదురు తిరుగుతుంది. కొత్త లేబుల్, పాత లేబుల్ రెండూ బతికుంటే యంత్రం దేన్ని నమ్మాలి?

అందుకే పాత లేబుల్ పూర్తిగా పీకేయాలి. రాకపోతే దాని మీద మందపాటి కాగితం అతికించాలి. పక్కల మీద అంటించిన చిన్న స్టిక్కర్లు కూడా వదలొద్దు.

లేబుళ్లే కాదు, పెట్టె మీద అచ్చయిన ప్రతి గుర్తూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. మద్యం బ్రాండు పేరున్న పెట్టెలో మీరు చేగోడీలు పెట్టి పోస్టాఫీసుకు తీసుకెళ్లినా తీసుకోరు. అమెరికా పోస్టులో మామూలు జనం మద్యం పంపకూడదు. లోపలేముందో వాళ్లకు తెలీదు, పెట్టె చెప్పిందే నమ్మాలి. లిక్కర్ షాపు పెట్టెలు సీసాల కోసం చేసినవి కాబట్టి గట్టిగా ఉంటాయి, అందుకే మనవాళ్లకు మోజు. వాడాలంటే ఆ పేర్లన్నీ కనపడకుండా కప్పేయాలి.

మా రంగంలో వాళ్లకు ఇంకో ప్రమాదం, ల్యాప్‌టాప్ పెట్టె. దాని మీద ఎర్ర చారల అంచుతో, బ్యాటరీ బొమ్మతో, యూఎన్ 3481 అని ఓ గుర్తు ఉండే అవకాశం ఎక్కువ. లోపల లిథియం అయాన్ బ్యాటరీ ఉంది, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త అని అర్థం. అందులో మీరు బెల్లం అరిసెలు పెట్టినా పోస్టువాళ్ల లెక్కలో అది బ్యాటరీ పార్సిలే. ఆపేయొచ్చు, పక్కన పెట్టొచ్చు. అరిసెలకు అంత ప్రమాదకర వస్తువు హోదా, వాటిని కొరికినప్పుడు తప్ప, అవసరం లేదు.

గట్టిదనం గురించి కూడా ఒక మాట. అట్టపెట్టె అడుగున గుండ్రటి ముద్ర ఉంటుంది, చూశారా? అందులో 32 ఈసీటీ అని ఉంటే ఆ అట్ట అంచు అంగుళానికి 32 పౌండ్ల నొక్కుడును తట్టుకుందని. పక్కనే 65 పౌండ్లు అని మొత్తం బరువు పరిమితి ఉంటుంది. అది కొత్త పెట్టె లెక్క. మా ఆవకాయ సీసాకు ఆ లెక్క పనికిరాదు. ఒకసారి మడత నలిగి, మూలలు మెత్తబడి, గాలిలో తేమ పీల్చుకున్న అట్టలో బలం తగ్గిపోతుంది. మూల నొక్కి చూస్తే లోపలికి పోయిందంటే, ఇక దానితో పార్సిల్ పంపే ఆలోచన మానుకోవాలి. 

గురువారం ఫోన్

పదకొండో రోజు, గురువారం మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా తెలియని నంబర్ నుంచి ఫోన్. మామూలుగా అయితే ఎత్తను. ఆ వారం మాత్రం స్పామ్ కాల్స్ కూడా వదలకుండా ఎత్తుతున్నా.

ఆ కొరియర్ కంపెనీ డిపో నుంచి. ఓ పెద్దాయన గొంతు. మా దగ్గర ఒక పెట్టె ఉంది, లేబుల్ మాది కాదు, ఎవరిదో తెలియక తెరిచాం, లోపల చీటీ మీద మీ నంబర్ ఉంది అన్నాడు. లోపల ఏముందో చెప్పమన్నాడు. "ఆకుపచ్చ గాజులు, రెండు డజన్లు" అన్నా. గొంతు వణికింది, ఒప్పుకుంటా.

చీటీ సంగతి నాకు తెలీనే తెలీదు. నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్లి చూస్తే, చీర మడతలో అమ్మ పెట్టింది. ఓ పాత క్యాలెండర్ కాగితం వెనక, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో అక్క పేరు, కొలంబస్ అడ్రస్, నా పేరు, ఇర్వింగ్ అడ్రస్, ఇద్దరి ఫోన్ నంబర్లు. కింద తెలుగులో, 'పట్టు చీర 1, గాజులు 2 డజన్లు, పసుపు కుంకుమ'. ఆర్టీసీ పార్సిళ్లలో కూడా ఇలాగే పెట్టేది. తాడు తెగితే? పైన రాసింది వానకు చెరిగిపోతే? అని. హాస్టల్లో ఆ చీటీలు చూసి నేనూ ఫ్రెండ్సూ నవ్వుకునేవాళ్లం. పార్సిల్ లోపల అడ్రస్ కాపీ ఒకటి పెట్టండి అని కొరియర్ కంపెనీలు కూడా సలహా ఇస్తాయని నాకు తెలిసింది మొన్న రూల్స్ చదివినప్పుడే. అమ్మ ఏ రూల్సూ చదవలేదు.

డిపోలో ఆ పెద్దాయన చీటీలో తెలుగు భాగం చూపించి, ఇది ఏ భాష అని అడిగాడు. చెప్పా. అక్షరాలు గుండ్రంగా, గాజుల్లాగే ఉన్నాయన్నాడు. మూడు గాజులు మాత్రం చిట్లాయి. నేను విరిగాయి అనే అనేవాణ్ని, గాజుల విషయంలో అమ్మ ఆ మాట అననివ్వదు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి మొత్తం చెప్పేశా. పెట్టె, లోగో, డ్రైవర్, అక్క బ్లౌజు అబద్ధం, అన్నీ. తిడుతుందనుకున్నా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బ్లౌజు నేను దాని కొలతలకు కుట్టించే పంపాను. అది బిగుతన్నప్పుడే అనుకున్నా, ఏదో జరిగిందని" అంది. ఇంకాసేపాగి, "చీటీ తడవలేదు కదా?" అంది.

శనివారం మా వీధి చివర పోస్టాఫీసుకు వెళ్లి, మీడియం ఫ్లాట్ రేట్ పెట్టె తీసుకుని, అక్కడే చీర సర్ది, ఆ పెట్టెకు పడాల్సిన ప్రయారిటీ చార్జీ కట్టి కౌంటర్లో ఇచ్చా. గాజులకు పాత టీషర్టు చుట్టా. బల్ల మీద వదల్లేదు, రసీదు చేతికొచ్చేదాకా కదల్లేదు. మంగళవారం అక్క ఫొటో పంపింది. సోఫాలో చీర, దాని మీద గాజులు. బారసాలకు కట్టుకుంటానంది.

కౌంటర్లో ఉండగానే అమ్మ నుంచి వాట్సాప్ వచ్చింది. చీటీ మళ్లీ కొత్తగా రాసి ఫొటో తీసి పంపింది, ఈసారి 'గాజులు 21' అని దిద్ది. ప్రింట్ తీయడానికి అక్కడ వీల్లేక, పోస్టాఫీసు పెన్నుతో ఓ కాగితం మీద చూసి రాశా. కింద తెలుగు లైను కూడా వదలకుండా.